పాత కారు ఇంజన్: పని చేయించాలా, మార్చేయాలా?

క్లాసిక్ కారు నీలం పొగ వదలడం మొదలైతే సలహాలకు కొదవుండదు. ఇంజన్ దించి నిలువునా పని చేయించమని ఒకరంటారు. ఆ పాత ఇనుము మీద డబ్బు తగలేసే బదులు వేరే ఇంజన్ కూర్చోబెట్టమని ఇంకొకరంటారు. ఇద్దరి లెక్కా సాధారణంగా తప్పే. పాత ఇంజన్ పని ఖర్చు పిస్టన్లు, బేరింగుల ధరతో తేలదు. బ్లాకు (సిలిండర్లుండే ఇనుప దిమ్మ), క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) కొలిచాక ఏం బయటపడిందో దాన్నిబట్టి తేలుతుంది. మార్పిడి ఖర్చు కొత్తగా తెచ్చిన ఇంజన్ ధరతో తేలదు. దానికీ కారుకీ మధ్య ఉండే మౌంట్లు (ఇంజన్‌ని పట్టుకునే బిగింపులు), బెల్ హౌసింగ్ (ఇంజన్‌ని గేర్‌బాక్స్‌తో కలిపే గూడు), పెట్రోలు లైను, వైరింగు, రేడియేటర్ తేలుస్తాయి. అందుకే మొదట కావలసింది అభిప్రాయం కాదు, గేజీ.

దించక ముందే తెలిసేవి

కంప్రెషన్ పరీక్ష అందరూ చేయిస్తారు గాని సరిగ్గా చేసేవాళ్లు తక్కువ. ఇంజన్ బాగా వేడెక్కి ఉండాలి. ప్లగ్గులన్నీ తీసేయాలి, కాయిల్‌కి కరెంటు ఆపేయాలి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకోవాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. ఒక్కో సిలిండర్‌ని ఐదారు కంప్రెషన్ స్ట్రోకులు తిప్పి అంకె రాసుకోవాలి. థ్రాటిల్ మూసి తిప్పితే మంచి ఇంజన్ కూడా అరిగినట్టే చూపిస్తుంది. ఎనిమిదికి ఒకటి కంప్రెషన్ నిష్పత్తి ఉన్న పాత ఇంజన్‌లో సుమారు 120 నుంచి 150 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) వస్తుంది. అయితే అసలు అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అన్నీ 10 శాతం లోపు తేడాలో ఉంటే కంగారు లేదు. ఒకటి మిగతావాటికంటే 25 శాతం తగ్గిందంటే విప్పక తప్పదు.

తగ్గిన సిలిండర్‌లో ఒక చెంచా, అంటే 5 మి.లీ., ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే పిస్టన్ రింగులో, బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగింది. కదలకపోతే వాల్వు కూర్చోవడం లేదు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు రెండూ పడిపోతే ముందుగా వాటి మధ్య హెడ్ గాస్కెట్‌ని అనుమానించాలి. దీనికి తోడు లీక్‌డౌన్ పరీక్ష చేయిస్తే రోగం ఎక్కడుందో చెవికి వినబడుతుంది. పిస్టన్ పైన ఉండగా సిలిండర్‌లోకి 100 పీఎస్ఐ గాలి ఎక్కించి, ఎంత కారిపోతోందో చూస్తారు. సైలెన్సర్‌లో బుస వినబడితే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బ్యురేటర్‌లో వినబడితే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ పోసే మూతి దగ్గర వినబడితే రింగులు. రేడియేటర్‌లో బుడగలు వస్తే గాస్కెట్ పోయింది, లేదా ఇనుము చీలింది. 10 శాతం లోపు కారితే మంచి ఇంజన్, 20 దాటితే పని ఉన్నట్టు.

ఆయిల్ ప్రెషర్‌ని డ్యాష్‌బోర్డు ముల్లుని నమ్మి తేల్చకండి. ముల్లుకి అంకె పంపే పాత సెండర్లు అబద్ధం చెబుతాయి. మెకానికల్ గేజీ బిగించి, ఇంజన్ వేడి మీద ప్రతి 1000 ఆర్‌పీఎంకి సుమారు 10 పీఎస్ఐ వస్తోందో లేదో చూడాలి. ఇది మోటు లెక్క. కొన్ని పాత ఇంజన్లు పుట్టుకతోనే తక్కువ ప్రెషర్‌తో నడుస్తాయి కాబట్టి ఆఖరి మాట మాన్యువల్‌దే. ఆయిల్ ఫిల్టర్‌ని కోసి కాగితం మడతలు విప్పి చూడండి. అయస్కాంతానికి అంటుకునే పొడి ఉంటే క్యాం (వాల్వులని లేపే షాఫ్ట్), దాని మీద నడిచే టాపెట్లు, రింగుల వైపు చూడాలి. రాగి రంగు మెరుపు కనబడితే బేరింగు పైపొర అరిగి లోపలి పొర బయటపడిందని అర్థం. ఆ ఇంజన్‌ని ఇక తోలకండి. క్రాంకు ఇంకా 10 థౌ గ్రైండింగుతో బతికే స్థితిలో ఉండొచ్చు, తోలితే అదీ పోతుంది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 0.025 మి.మీ.; ఇంజన్ పనివాళ్ల భాషంతా ఈ లెక్కలోనే నడుస్తుంది.

పొగ ఎప్పుడు వస్తోందన్నది కూడా చూడాలి. దిగువకి గేర్‌లో దిగుతూ, ఆ తర్వాత యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నీలం పొగ గుప్పున వస్తే వాల్వు గైడ్లు, సీళ్లు. ఎత్తు ఎక్కేటప్పుడు లోడు మీద ఎడతెగకుండా వస్తే రింగులు. వాల్వు గైడ్లకి హెడ్ ఒక్కటి దించితే చాలు. దానికోసం ఇంజన్ మార్పిడి దాకా వెళ్లిన కార్లు లేకపోలేదు. ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ పూడుకుపోయినా ఆయిల్ తాగుతుంది, సీళ్ల దగ్గర కారుతుంది. పికప్ పోయిందనే ఫిర్యాదుకి సగం సార్లు డిస్ట్రిబ్యూటర్ అరుగుదలో, వెనకబడిన టైమింగో కారణం. కంప్రెషన్ బాగుండీ బలం లేకపోతే రాకర్ కవర్ తీసి, డయల్ గేజీతో ఒక్కో వాల్వు ఎంత లేస్తోందో కొలవండి. ఒకటి మిగతావాటికంటే స్పష్టంగా తక్కువ లేస్తే క్యాం లోబ్ (వాల్వుని నెట్టే బుడిపె) అరిగింది. ఇవన్నీ ఇంజన్ కారులో ఉండగానే తేలే విషయాలు.

విప్పాక మూడు చోట్ల తేలుతుంది

ఇంజన్ దించి విప్పాక నిర్ణయం బ్లాకు, క్రాంకు, దొరికే పిస్టన్ల సైజులు, ఈ మూడింటి చేతిలో ఉంటుంది. మిగతావన్నీ డబ్బుతో కొనుక్కునే సామాన్లు.

వరుస కూడా ముఖ్యం. ముందు కడిగించి, చీలికలు చూపించాలి. ఇనుప బ్లాకుకి, క్రాంకుకి అయస్కాంత పరీక్ష, అల్యూమినియంకి రంగు ద్రవంతో చేసే పరీక్ష. ఆ తర్వాతే బోరింగు, గ్రైండింగు. బోరు పని అంతా అయ్యాక మెయిన్ బేరింగు గోడలో చీలిక కనబడితే పెట్టిన డబ్బంతా నీళ్లపాలు. వాటర్ జాకెట్ బయటి గోడలో నీళ్లు గడ్డకట్టి వచ్చిన చీలికని కుట్లు వేసి బాగుచేయొచ్చు, అది ఎన్నేళ్లయినా నిలుస్తుంది. మెయిన్ బేరింగు గోడలో చీలిక వేరే సంగతి. అక్కడే మార్పిడి వైపు మొగ్గాలి.

బోరుని పైనుంచి కిందికి మూడు ఎత్తుల్లో, ఒక్కో ఎత్తులో రెండు దిక్కుల్లో కొలవాలి. అరుగుదల ఎక్కువగా పై రింగు ఆగే చోటుకి కాస్త కింద ఉంటుంది, ఎందుకంటే మంట ఒత్తిడి అక్కడే ఎక్కువ, ఆయిల్ అక్కడే తక్కువ. పైకీ కిందికీ తేడా మాన్యువల్ చెప్పిన హద్దులో ఉంటే హోనింగు (బోరుని రాళ్లతో సన్నగా గీయడం) చేసి కొత్త రింగులు వేస్తే సరిపోతుంది. టేపర్, అంటే ఆ తేడా, 5 థౌ దాటితే కొత్త రింగులు వేయడం దండగ. పైన వెడల్పు, కింద ఇరుకు ఉన్న బోరులో రింగు ప్రతి స్ట్రోకుకీ తెరుచుకుంటూ మూసుకుంటూ తన గాడినే అరగదీసుకుంటుంది. కొన్నాళ్లకే పొగ మళ్లీ మొదలవుతుంది.

బోరు చేయించాలంటే 20, 30, 40 థౌ పెద్ద పిస్టన్లు దొరుకుతాయో లేదో ముందు చూసుకోవాలి. పిస్టన్లు చేతికొచ్చాకే బోరింగుకి ఇవ్వండి. పనివాడు ఒక్కో పిస్టన్‌ని కొలిచి దానికి సరిపడా బోరు తీస్తాడు. పోతపోసిన పిస్టన్‌కి సుమారు 1 నుంచి 2 థౌ గ్యాపు చాలు. ఫోర్జ్‌డ్ పిస్టన్ వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి దాని తయారీదారు చెప్పినంత ఎక్కువ గ్యాపు ఇవ్వాలి. 60 థౌ దాకా వెళ్లే ముందు అల్ట్రాసోనిక్ గేజీతో గోడ మందం కొలిపించండి. పాత పోతల్లో లోపలి అచ్చు పక్కకి జరిగి, ఒకవైపు మందంగా, ఇంకోవైపు పల్చగా ఉండటం మామూలే. గోడ పల్చబడితే ఇంజన్ హైవే మీద వేడెక్కుతుంది, ఆ కారణం ఏ రేడియేటర్ మార్చినా పోదు. గోడ చాలకపోతే స్లీవ్ (లోపల దిగ్గొట్టే ఇనుప గొట్టం) వేయించి స్టాండర్డ్ సైజుకి తేవచ్చు. సిలిండర్ గోడే విడి గొట్టంగా నీళ్లని తాకుతూ ఉండే వెట్ లైనర్ ఇంజన్లైతే ఇంకా సులువు: బోరింగే లేకుండా లైనర్లు, పిస్టన్లు సెట్టుగా మారుతాయి. కాకపోతే లైనర్ బ్లాకు మట్టం కంటే ఎన్ని థౌలు పైకి ఉండాలన్న కొలత తప్పితే హెడ్ గాస్కెట్ నిలవదు.

క్రాంకుని 10, 20, 30 థౌ చొప్పున గ్రైండ్ చేస్తారు. ఇక్కడా బేరింగులు దొరికే సైజే హద్దు. జర్నల్ (బేరింగులో తిరిగే క్రాంకు భాగం) అంచులో గుండ్రటి వంపు ఉంటుంది, గ్రైండింగులో దాన్ని పదునైన మూలగా మార్చేస్తే క్రాంకు అక్కడే విరుగుతుంది. పని తెలిసినవాడిని ఈ ఒక్క ప్రశ్నతో గుర్తుపట్టొచ్చు. పైపొర గట్టిపరిచిన క్రాంకులు కొన్నుంటాయి. వాటిని గ్రైండ్ చేశాక ఆ పొర మళ్లీ తేవాల్సి రావచ్చు. బేరింగు గ్యాపు జర్నల్ వ్యాసంలో వెయ్యో వంతు: 50 మి.మీ. జర్నల్‌కి సుమారు 0.05 మి.మీ.

హెడ్ విషయంలో మర్చిపోకూడనిది ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు. సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో ఆ సీసం సమ్మేళనాలు మెత్తటి ఇనుప సీటు మీద పల్చటి పొరగా పట్టి, వాల్వు సీటుకి అంటుకుని చిన్న తునకలు పీకకుండా కాపాడేవి. ఇప్పుడా రక్షణ లేదు. ఎక్కువ వేగంతో ఎక్కువసేపు తోలితే వాల్వు సీటులోకి దిగిపోతుంది. టాపెట్ గ్యాపు మాటిమాటికీ తగ్గిపోతుంటే గుర్తు అదే. హెడ్ ఎలాగూ చేతిలో ఉన్నప్పుడు గట్టి సీట్లు వేయించడం తెలివైన ఖర్చు.

నంబరు ముఖ్యమైన కారైతే ఒక జాగ్రత్త. షెవర్లే వీ8 లాంటి కొన్ని ఇంజన్లలో నంబరు బ్లాకు ముందుభాగంలో, హెడ్ కూర్చునే మట్టంలోనే కొట్టి ఉంటుంది. బ్లాకు పైభాగం చదును చేయించారంటే ఆ నంబరు, దానితో కారు విలువలో ఓ భాగం, చిప్పులై నేల మీద పడతాయి. బ్లాకు అప్పగించే ముందే నోటితో కాదు, కాగితం మీద రాసివ్వండి. ఫొటోలు కూడా తీసి ఉంచుకోండి.

బాగుచేసిన ఇంజన్లు ఎక్కడ చస్తాయి

సరిగ్గా పని జరిగిన ఇంజన్ పోయిందంటే నేరం ఎక్కువసార్లు మురికిది. బోరింగు, హోనింగు పొడి ఆయిల్ దారుల్లో కూర్చుంటుంది. దారుల చివరి ప్లగ్గులన్నీ పీకి, పొడవాటి బ్రష్షుతో సబ్బు వేడినీళ్లు పోసి రుద్దకపోతే, మొదటి గంటలోనే ఆ పొడి కొత్త బేరింగుల్లోకి చేరుతుంది. బోరు తెల్లటి గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. పాత బేరింగు పొడి పట్టిన ఆయిల్ కూలర్‌ని మళ్లీ బిగించడం కూడా ఇలాంటిదే. దాన్ని లోపల పూర్తిగా శుభ్రం చేయడం దాదాపు కుదరదు, మార్చేయండి.

రింగుల చివరల గ్యాపు పెట్టెలోంచి వచ్చినట్టే సరిగ్గా ఉంటుందనుకోవద్దు. మామూలు రోడ్డు ఇంజన్‌కి బోరు వ్యాసాన్ని 0.004తో గుణిస్తే చాలు: 90 మి.మీ. బోరుకి 0.36 మి.మీ. గ్యాపు చాలకపోతే వేడికి రింగు చివరలు ఢీకొని బోరుని గీరేస్తాయి. చుక్కో, అక్షరమో ఉన్న వైపు పైకి రావాలి. కనెక్టింగ్ రాడ్ల క్యాపులు ఏ రాడ్డువి ఆ రాడ్డుకే, అదే దిక్కులో. క్యాం బుష్ రంధ్రం బ్లాకు ఆయిల్ రంధ్రానికి ఎదురుగా ఉందో లేదో తీగ దూర్చి చూడాలి.

టాపెట్ చదునైన అడుగు క్యాం మీద రుద్దుకునే ఫ్లాట్ టాపెట్ ఇంజన్లలో కొత్త క్యాంకి మొదటి 20 నిమిషాలే ప్రాణగండం. క్యాం మార్చి పాత టాపెట్లు ఉంచడం ఎప్పుడూ చేయకూడదు. ఇంజన్ మొదటిసారి అంటుకోగానే 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య తిరగాలి. ఐడిల్‌లో క్రాంకు నుంచి చిమ్మే ఆయిల్ లోబ్‌లకి చాలదు. అంటే పెట్రోలు, టైమింగు, నీళ్లు అన్నీ ముందే సరిచూసుకుని, ఆయిల్ పంపుని డ్రిల్లుతోనో స్టార్టర్‌తోనో తిప్పి ప్రెషర్ వచ్చాకే స్పార్కు కలపాలి. స్టార్టు కాక పావుగంట సెల్ఫ్ కొట్టిన ఇంజన్‌లో క్యాం లూబ్రికెంటు అప్పటికే తుడిచిపెట్టుకుపోయి ఉంటుంది. ఆయిల్‌లో జింక్, ఫాస్ఫరస్ ఉన్న పాతకాలపు రకం వాడాలి; కొత్త కార్ల ఆయిల్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ కోసం వాటిని తగ్గించేశారు.

ఆ తర్వాత రింగులు సెట్టవ్వాలంటే ఇంజన్‌ని మెల్లగా లాలించడం పనికిరాదు. మూడో గేర్‌లో ఒక మోస్తరు లోడిచ్చి వేగం పెంచి, యాక్సిలరేటర్ వదిలి తగ్గనివ్వాలి; ఇలా పదిసార్లు. రింగు వెనక మంట ఒత్తిడి చేరితేనే అది బోరుని గట్టిగా తాకుతుంది. గంటల తరబడి ఐడిల్‌లో ఉంచితే బోరు అద్దంలా నునుపుదేలి, ఇక ఎప్పటికీ ఆయిల్ తాగుతూనే ఉంటుంది. మొదటి ఆయిల్ వంద కిలోమీటర్ల లోపే మార్చేయండి.

మార్పిడిలో మూడు దారులు

అదే ఇంజన్ ఇంకొకటి తేవడం మొదటి దారి. వినడానికి సులువుగా ఉంటుంది గాని ఎక్కడో పడి ఉన్న పాత ఇంజన్ మీ దానికంటే కొత్తదని నమ్మకమేమీ లేదు. కారులో ఉండగా కంప్రెషన్ చూడగలిగితేనే కొనండి. "ఓవర్‌హాల్ చేసింది" అని అమ్ముతుంటే బోరు ఏ సైజు, క్రాంకు ఏ సైజు, లేత్ షాపు బిల్లు ఏదీ అని అడగండి. ఈ మూడింటికీ జవాబు లేదంటే అది పెయింటు వేసిన ఇంజన్ మాత్రమే. అయినా ఈ దారికి ఒక మంచి ఉపయోగం ఉంది: మీ బ్లాకు చీలిపోయి ఉంటే, బాగుచేయడానికి ఆధారంగా మాత్రమే, అంటే మళ్లీ బోరు చేయించేందుకే, తక్కువ ధరకి ఇంకో బ్లాకు తెచ్చుకోవడం.

రెండో దారి, ఒకే కుటుంబంలోని పెద్ద ఇంజన్. నా లెక్కలో చాలా కార్లకి అన్నిటికంటే తెలివైన దారి ఇదే, దీన్నే ఎక్కువమంది పట్టించుకోరు. మినీలో 850 సీసీ తీసి అదే ఏ-సిరీస్ 1275 పెట్టడం, బీటిల్‌లో 1200 బదులు 1600 పెట్టడం, 1955లో మొదలైన షెవర్లే స్మాల్‌బ్లాక్‌లో 283 క్యూబిక్ అంగుళాలదాని బదులు 350ది పెట్టడం ఇలాంటివే. మౌంట్లు, బెల్ హౌసింగ్ చాలామటుకు కలుస్తాయి, కారు స్వభావం మారదు, చూసేవాళ్లకి తేడా తెలియదు, కావాలంటే ఎప్పుడైనా పాతది పెట్టొచ్చు.

ఐతే "కుటుంబం ఒకటే" అన్న మాట దగ్గరే బోల్తా పడతారు. 1986 నుంచి వచ్చిన స్మాల్‌బ్లాక్‌లలో క్రాంకు వెనక సీలు ఒకే ముక్కగా మారింది, దాంతో ఫ్లైవీల్ బోల్టుల వృత్తమూ మారింది. పాత ఫ్లైవీల్ దానికి ఎక్కదు. అదే కుటుంబంలోని 400 ఇంజన్ బ్యాలెన్సు కోసం కొంత బరువు ఫ్లైవీల్‌లోనూ, క్రాంకు ముందు వణుకు తగ్గించే చక్రమైన డ్యాంపర్‌లోనూ ఉంటుంది. వాటి బదులు 350వి బిగిస్తే బోల్టులు చక్కగా పడతాయి, ఇంజన్ మాత్రం వణికి బేరింగులు తినేస్తుంది. 6 ఓల్టుల బీటిల్ ఫ్లైవీల్‌కి 109 పళ్లు, 12 ఓల్టులదానికి 130. పెద్ద ఫ్లైవీల్ పాత గేర్‌బాక్స్ గూట్లో పట్టాలంటే లోపల గ్రైండ్ చేయాలి, స్టార్టర్ సంగతీ చూసుకోవాలి. డాట్సన్‌లో ఎల్16 బదులు ఎల్20బీ పెడితే బ్లాకు సుమారు 20 మి.మీ. ఎత్తు ఎక్కువ, ఆ మేరకు బానెట్ కింద ఖాళీ, సైలెన్సర్ ముందు పైపు రెండూ మారతాయి. కొనే ముందు అడగాల్సినవి ఐదు: ఫ్లైవీల్ బోల్టులు, బ్యాలెన్సు పద్ధతి, ఆయిల్ సంపు గుంట ముందా వెనకా, క్రాంకు వెనక పైలట్ బుష్ (గేర్‌బాక్స్ షాఫ్ట్ కొనని పట్టే చిన్న బుష్) ఉందా, బ్లాకు ఎత్తు ఎంత.

మూడోది పూర్తిగా వేరే, కొత్త తరం ఇంజన్. 1997లో కార్వెట్‌తో వచ్చిన ఎల్ఎస్ వీ8, మినీలో హోండా కే-సిరీస్, ఇలా. బలం, మైలేజీ, ఉదయం చలిలో ఒక్క కిక్కుకే స్టార్టవడం, ఇవన్నీ నిజమే. పని ఎక్కడుందో మాత్రం స్పష్టంగా తెలిసి దిగాలి.

పెట్రోలు దగ్గర మొదలు పెడదాం. కార్బ్యురేటర్‌కి 4 నుంచి 7 పీఎస్ఐ చాలు. ఇంజెక్షన్‌కి 43 నుంచి 58 పీఎస్ఐ కావాలి. పాత రబ్బరు గొట్టం, మామూలు క్లిప్పు ఆ ఒత్తిడికి నిలవవు, నిలవని చోట కారేది వేడి ఎగ్జాస్ట్ మీద. ఇంజెక్షన్ రేటింగు ఉన్న గొట్టం, సరైన క్లాంపులు, టాంకులోపల పంపు, మలుపుల్లో పెట్రోలు పక్కకి పోకుండా అడ్డుపలకలు, చాలా సందర్భాల్లో రిటర్న్ లైను, ఇవన్నీ వస్తాయి. పాత టాంకు తుప్పు ఇంజెక్టర్లని పూడ్చేస్తుంది కాబట్టి టాంకే మార్చాల్సి రావచ్చు.

గేర్‌బాక్స్ పాతదే ఉంచి మధ్యలో అడాప్టర్ ప్లేటు వేస్తే, బెల్ హౌసింగ్ రంధ్రం క్రాంకు కేంద్రానికి సరిగ్గా ఉందో లేదో ఫ్లైవీల్ మీద డయల్ గేజీ పెట్టి తిప్పి చూడాలి. ముల్లు తిరిగే మొత్తం దూరం 5 థౌ, అంటే 0.13 మి.మీ., దాటకూడదు. దాటితే క్లచ్ వణుకుతుంది, పైలట్ బుష్ పోతుంది, ఆ పైన గేర్‌బాక్స్ ఇన్‌పుట్ బేరింగు పోతుంది. చాలామంది దీన్ని గేర్‌బాక్స్ తప్పనుకుని దాన్నే పదే పదే విప్పుతుంటారు. ఇంజన్ ఎంత వాలులో కూర్చుందో అదీ ముఖ్యమే. గేర్‌బాక్స్ వెనక్కి 3 డిగ్రీలు వాలి ఉంటే డిఫరెన్షియల్ ముక్కు దానికి సమాంతరంగా అంతే పైకి ఉండాలి, తేడా ఒక డిగ్రీ లోపు. లేదంటే కొంత వేగం దాటగానే ప్రొపెల్లర్ షాఫ్ట్ నుంచి వణుకు వస్తుంది, దాన్ని ఎంత బ్యాలెన్స్ చేయించినా పోదు.

ఇక సంపు స్టీరింగు రాడ్డుని తగలడం, ఎగ్జాస్ట్ మానిఫోల్డు స్టీరింగు షాఫ్ట్‌కీ బ్రేక్ మాస్టర్ సిలిండర్‌కీ మరీ దగ్గరవడం. ఖాళీ చూసేటప్పుడు ఇంజన్ కదలకుండా ఉన్నట్టు చూడకండి. టార్కుకి మౌంట్ల మీద అది పక్కకి ఒరుగుతుంది, ఆ ఒరిగే వైపు కనీసం వేలు దూరే ఖాళీ ఉండాలి. రేడియేటర్ సరిపోతుందా అన్నది ఇంజన్ గుర్రపు బలం బట్టి కాదు, ఎండలో ట్రాఫిక్‌లో ఆగి ఆగి వెళ్లేటప్పుడు తేలుతుంది. ఫ్యాను చుట్టూ కవచం లేకపోతే పెద్ద రేడియేటర్ కూడా చాలదు. డైనమో స్థానంలో ఆల్టర్నేటర్ వస్తే పాత మెయిన్ వైరు దాని కరెంటుని మోయలేదు. పాజిటివ్ ఎర్తు (బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిసిన) కారైతే ముందు మొత్తం నెగటివ్‌కి మార్చాలి. స్పీడోమీటర్ కేబుల్‌కి కొత్త గేర్‌బాక్స్‌లో చోటుందో లేదో చూడాలి. రెట్టింపు టార్కు వచ్చాక పాత డిఫరెన్షియల్, హాఫ్ షాఫ్టులు, ముందు డ్రమ్ బ్రేకులు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు.

ఈ దారి ఎంచుకుంటే ఇంజన్ ఒక్కటే కొనకండి. నడిచే స్థితిలో ఉన్న దాత కారు మొత్తం కొనండి. ఇంకా దించక ముందే స్కానర్ పెట్టి కోడ్లు చూడొచ్చు, కంప్రెషన్ చూడొచ్చు. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), ఇమ్మొబిలైజర్ (దొంగతనాన్ని ఆపే ఎలక్ట్రానిక్ తాళం), తాళంచెవి, యాక్సిలరేటర్ పెడల్, పూర్తి వైరింగు, సెన్సర్ల ప్లగ్గులు అన్నీ ఒకే చోటు నుంచి వస్తాయి. విడివిడిగా ఏరుకున్న వైరింగుతో ఇంజన్ స్టార్టవుతుంది. వర్షం పడ్డ రోజు ఎందుకు ఆగిపోతుందో మాత్రం తెలియదు. బడ్జెట్‌లో ఇంజన్ ధర ఎంతో, దాన్ని కారుకి కలిపే పనికి కనీసం మళ్లీ అంత పక్కన పెట్టుకోవాలి. చేతిపని అంతా మీరే చేసుకోగలిగితేనే ఈ లెక్క తగ్గుతుంది.

ఎలక్ట్రిక్ మోటారు పెట్టడం ఈ కోవలోకి రాదు. అది బ్యాటరీ బరువు, చార్జింగు, బ్రేకుల లెక్కలున్న వేరే ప్రాజెక్టు.

ఏ కారుకి ఏది

అసలు నంబరు ఇంజన్ ఉన్న అరుదైన మోడలైతే పెద్ద చర్చ అక్కర్లేదు: స్లీవ్‌లు వేయించైనా, చీలిక కుట్టించైనా అదే ఇంజన్‌ని బతికించండి. నంబరు ఇంజన్ ఎప్పుడో పోయి ఇప్పటికే వేరేది కూర్చున్న కారులో ఈ వాదనకి సగం బలం లేదు. మామూలు ఫ్యామిలీ సెలూన్, పిస్టన్లు, బేరింగులు దొరుకుతున్నాయి, బ్లాకు బాగుంది అంటే పని చేయించడమే చవక. గట్టి సీట్లు, మంచి వెనక సీలు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కలిపితే ఆ ఇంజన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు కంటే మెరుగ్గా నడుస్తుంది. పిస్టన్లు దొరకవు కానీ క్రాంకు బాగుంది అంటే కొలతలిచ్చి పిస్టన్లు చేయించుకోవచ్చు. రెండూ పోయాయి, బేరింగులూ లేవు అంటే ఒకే కుటుంబంలో ఇంకో ఇంజన్ వెతకండి.

హైవే మీద హోరెక్కువ, ఇంజన్ అరుస్తోంది అన్నదే ఫిర్యాదైతే ఒక్క క్షణం ఆగండి. అది ఇంజన్ ఫిర్యాదు కాకపోవచ్చు. నాలుగు గేర్ల కారుకి 0.8 నిష్పత్తి ఉన్న ఐదో గేరు, లేదా ఓవర్‌డ్రైవ్ వస్తే అదే వేగంలో ఆర్‌పీఎం 20 శాతం తగ్గుతుంది. 100 కి.మీ. వేగంలో 4000 తిరిగే ఇంజన్ 3200 తిరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న పాత ఇంజన్‌కి ఐదు గేర్ల డబ్బా కలిపితే, కొత్త ఇంజన్ కోసం పెట్టే శ్రమలో కొద్ది భాగంతోనే కావాల్సింది దక్కుతుంది. రోజూ తోలాలి, ఏసీ కావాలి, దూరాలు పోవాలి, కారులో అసలు భాగాలు ఎలాగూ మిగల్లేదు, వెల్డింగు, వైరింగు చేతిలో పని, ఇవన్నీ కలిసిన చోట కొత్త తరం ఇంజన్ సరైన దారి. వీటిలో రెండు లేకపోయినా నేనైతే దాని జోలికి పోను.

ఏదైనా కొనే ముందు రిజిస్ట్రేషన్ కార్యాలయంలోనూ, ఇన్సూరెన్సు వాళ్లనీ అడగండి. అదే రకం ఇంజన్ నంబరు మారడం, వేరే రకం ఇంజన్ పెట్టడం, ఈ రెండింటినీ చాలాచోట్ల వేర్వేరుగా చూస్తారు. కొన్నిచోట్ల కొత్త ఇంజన్‌తో పాటు దాని కాలుష్య పరికరాలన్నీ కూడా రావాలి. ఇంజన్ కొన్నట్టు రసీదు, అమ్మినవాళ్ల కారు పత్రాలు దాచండి.

మార్పిడే ఖాయమైతే బాడీ కోయని దారిలోనే చేయండి. క్రాస్‌మెంబర్ కోయడం, ఫైర్‌వాల్ సుత్తితో లోపలికి కొట్టడం వెనక్కి తేలేని పనులు. బోల్టు మౌంట్లతో కుదరకపోతే ఆ ఇంజన్ ఆ కారుకి పెద్దదన్నమాట. దించిన పాత ఇంజన్‌ని సంపు మీద నేల మీద పెట్టకండి, స్టాండు మీద బిగించండి. బ్లాకు పక్కన ఉండే డ్రెయిన్ ప్లగ్గు కూడా తీసి నీళ్లు పూర్తిగా కార్చండి. రేడియేటర్ పైపు నుంచి కార్చితే బ్లాకు అడుగున నీళ్లు మిగిలి తుప్పు పట్టిస్తాయి. ఒక్కో సిలిండర్‌లో 15 నుంచి 20 మి.లీ. ఆయిల్ పోసి, చేత్తో రెండు చుట్లు తిప్పి, ప్లగ్గులు బిగించి, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మూతులు మూసేయండి. రెండు నెలలకోసారి మళ్లీ తిప్పి, ఈసారి వేరే చోట ఆపండి, లేకపోతే ఒకే వాల్వు స్ప్రింగులు నొక్కుకుపోయి ఉంటాయి. పాత మౌంట్లు, కార్బ్యురేటర్, డిస్ట్రిబ్యూటర్, డైనమో బ్రాకెట్లు, బెల్ హౌసింగ్ బోల్టులు అన్నీ ఇంజన్‌తోనే ఒక పెట్టెలో ఉండాలి. బోల్టులని విడి సంచుల్లో పొడవు రాసి పెట్టండి, ఎందుకంటే వాటర్ పంపు బోల్టు ఒకటి పొడవు తప్పి బిగిస్తే బ్లాకు గోడకే చిల్లు పడుతుంది.